వ్యవసాయ పరిశోధనకి మన పన్ను డబ్బు దండగేనా? (అనకాపల్లి వైపు వాళ్ళు చెప్పండి)

కైలాసగిరి గాలి | మధురవాడ | ఆదివారం ఉదయం 10:15

నిన్న మాడుగుల వెళ్ళి వస్తూ (హల్వా కోసం కాదు, పొలం పని మీదే) అనకాపల్లిలో టీకి ఆగాం. అక్కడి వ్యవసాయ పరిశోధనా స్థానం గురించి మాటొస్తే నాన్నగారు "అది మా తాతల నాటిది" అన్నారు. ఇంటికొచ్చి బడ్జెట్ తిరగేశాను. కేంద్రంలో వ్యవసాయ పరిశోధన, విద్య విభాగానికి 2025-26లో కేటాయింపు 10,466 కోట్లు. వందేళ్ళ నుంచీ పరిశోధన జరుగుతుంటే మా రెండెకరాలు కౌలుకి ఎందుకిచ్చుకున్నాం? ఆ డబ్బేదో నేరుగా రైతుల ఖాతాల్లో వేసేస్తే గొడవ వదిలిపోదా? తిట్టకండి, నిజంగానే అడుగుతున్నా. నాది సాఫ్ట్‌వేర్, పొలం సంగతులు అంతంతమాత్రం.

చోడవరం చెరుకు | చోడవరం | 10:52

ఏటి బాబూ, లెక్కల్లో దిట్టవి కదా, ఆ భాగహారం కూడా నువ్వే చేసేస్తే పోయేది. పీఎం కిసాన్ అందుకునేవాళ్ళు దగ్గర దగ్గర పది కోట్ల మంది. నీ పదివేల కోట్లు పంచితే మనిషికి ఏడాదికి వెయ్యి రూపాయల పైచిలుకు. చెరుకు కొట్టే మనిషికి రెండు రోజుల కూలి కూడా సరిపోదు.

నా సంగతి చెప్తాను విను. కొన్నేళ్ళ కిందట నా తోటలో ఒక మూల మొవ్వు కింద మూడో ఆకు, నాలుగో ఆకు అంచుల నుంచి ఎండడం మొదలైంది. నీటి ఎద్దడి అనుకుని తడి పెట్టాను. వారం తిరిగేసరికి పది దుబ్బులు. మా పెదనాన్న గడ ఒకటి విరిచి, కత్తితో నిలువునా చీల్చి నా ముక్కు దగ్గర పెట్టాడు. లోపలంతా ఎర్రగా, మధ్య మధ్యలో అడ్డంగా తెల్ల మచ్చలు, పులిసిన కల్లు వాసన. "ఎర్రకుళ్ళురా, ఇంక దీన్ని కార్శి ఉంచకు" అన్నాడు. కార్శి అంటే నరికిన మోళ్ళ నుంచి మళ్ళీ వచ్చే పంట.

అయినా అనుమానం తీరక గడలు సంచిలో కట్టుకుని అనకాపల్లి పట్టుకెళ్ళాను. అక్కడి సైంటిస్టు అదే మాట చెప్పి, ఇంకో మాట కూడా చెప్పారు. ఆ మడిలో ఒక పంట వరి వేయాలి, ఆ తోట నుంచి ముచ్చెలు (నాటే గడ ముక్కలు) ఎవరికీ ఇవ్వకూడదు, మళ్ళీ చెరుకు వేసేటప్పుడు రకం మార్చాలి. ముచ్చెలు ఎవరికీ ఇవ్వొద్దన్న ఆ ఒక్క మాటే మా పక్క తోటల్ని కాపాడింది. దాని ఖరీదు ఎంతని నీ బడ్జెట్ పుస్తకంలో రాస్తారు?

కైలాసగిరి గాలి | 11:10

సారీ అండి, ఇది నాకు తెలీదు. కానీ మీ పెదనాన్నగారు చీల్చి చూసే కనిపెట్టేశారు కదా. సైంటిస్టు కొత్తగా చేసిందేంటి?

పాత ల్యాబు | ఎంవీపీ కాలనీ | మధ్యాహ్నం 12:30

మంచి ప్రశ్నే వేశావు నాయనా. రోగం పెదనాన్నగారు పట్టారు, నిజమే. మార్చడానికి ఇంకో రకం ఉండాలి కదా, అది ఎక్కణ్ణుంచి వస్తుంది?

నేను రిటైరై చాలా ఏళ్ళయింది. అనకాపల్లి కేంద్రాన్ని 1913లో చెరుకు కోసమే పెట్టారు. కోయంబత్తూరులో చెరుకు ప్రజనన సంస్థ అంతకు ఒక్క ఏడాది ముందు, 1912లో మొదలైంది. ఇప్పటికీ చెరుకు సంకరణకి పెద్ద తోట అక్కడే. చెరుకు బాగా పూసి గింజ కట్టేది అలాంటి చోట్లే. ఆ గింజ దూదిపింజలా ఉంటుంది, చేత్తో పట్టుకుంటే ఏమీ పట్టుకున్నట్టే ఉండదు. దాన్ని తెచ్చి మొలకలు పోసి, వేల మొక్కల్లోంచి ఏటేటా ఏరుకుంటూ రావాలి. రసంలో పంచదార ఎంత, బెల్లం రంగు ఎలా వస్తుంది, పడిపోతుందా, కార్శిలో నిలుస్తుందా, అన్నీ చూడాలి. ఎర్రకుళ్ళు శిలీంధ్రాన్ని మనమే గడలోకి ఎక్కించి తట్టుకుంటుందో లేదో కూడా పరీక్షించాలి. తర్వాత అఖిల భారత సమన్వయ పథకం కింద వేరే రాష్ట్రాల్లో పరీక్షలు, రైతుల పొలాల్లో మినీకిట్లు (కొద్దికొద్దిగా ఇచ్చి వేయించి చూడడం), చివర్లో విడుదల కమిటీ. పది, పన్నెండేళ్ళు పడుతుంది. 87ఏ298 అనే చెరుకు రకం పేరు విన్నారు కదా, చోడవరం వారికి బాగా తెలుసు. అందులో 'ఏ' అంటే అనకాపల్లే.

ఇంకో సంగతి. రకం ఒకసారి వచ్చేస్తే పని అయిపోదు. సీఓ 0238 అని 2009లో విడుదలైన రకం ఉత్తరప్రదేశ్ చెరుకు పొలాల్లో అత్యధిక భాగం ఆక్రమించింది. రైతులకీ మిల్లులకీ కాసుల పంట. పదేళ్ళు తిరిగాక ఎర్రకుళ్ళు దాన్నే పట్టుకుంది. తెగులు కూడా కూర్చోదు, తన పని తాను చేసుకుపోతుంది. ఉన్నచోట నిలబడడానికే పరిశోధన నడుస్తూ ఉండాలి. "కొత్తగా ఏం చేశారు" అని అడిగేవాళ్ళకి ఇది ఎప్పుడూ కనబడదు.

విత్తనాల సేల్స్ | గాజువాక | మధ్యాహ్నం 1:05

మాస్టారూ, గౌరవంతోనే అడుగుతున్నా. నేను ప్రైవేటు విత్తనాల కంపెనీలో పదిహేనేళ్ళుగా ఉన్నాను. మొక్కజొన్న హైబ్రిడ్లు, పత్తి, టమాటా, మిర్చి, రైతు మా ప్యాకెట్ కొంటున్నాడు. ఐదేళ్ళలో కొత్త హైబ్రిడ్ తెస్తాం, లేకపోతే పక్క కంపెనీ మింగేస్తుంది. ప్రభుత్వం పన్నెండేళ్ళు తీసుకుంటే అది డబ్బు లేకా, ఒత్తిడి లేకా?

పాత ల్యాబు | 1:40

రెండూను. ఒత్తిడి లేదన్న మాట నేను కొట్టిపారేయను.

అయితే మీ కంపెనీ చెరుకు రకం ఎందుకు తేలేదో చెప్పండి. చెరుకు ముచ్చెతో నాటుతారు, ఒకసారి అమ్మితే రైతు తన తోట నుంచే పెంచుకుంటాడు, పక్కవాడికీ ఇస్తాడు. మీకు రెండో ఏడు బేరం ఉండదు. వరిలో మామూలు రకాలూ అంతే. స్వర్ణ, ఎంటీయూ 7029, మారుటేరులో పుట్టింది, 1982లో విడుదలైంది. ఒడిశా, బెంగాల్ దాటి బంగ్లాదేశ్ పొలాల దాకా పోయింది. సాంబ మసూరి బాపట్లది, 1986. దాని మీద ఎవరు రాయల్టీ తిన్నారు? ఎవరూ తినలేదు. తినలేదు కాబట్టే ప్రతి రైతుకీ అందింది. రైతు ప్రతి ఏడూ కొనాల్సిన విత్తనం మీద ప్రైవేటు డబ్బు పెడుతుంది, అందులో తప్పేం లేదు. రైతు దాచుకునే విత్తనానికి ఖర్చు పెట్టేది ఎవరు మరి?

విత్తనాల సేల్స్ | 1:52

ఆ పాయింటు ఒప్పుకుంటాను. స్వర్ణ అన్నం తిని పెరిగినవాణ్ణే.

చోడవరం చెరుకు | 2:20

బాబూ సేల్స్ గారూ, మీ మొక్కజొన్న ప్యాకెట్ మీద ధర మాత్రం ఐదేళ్ళు ఆగట్లేదు, ఏటా కొత్తదే వస్తోంది.

మార్చి 31 | సీతమ్మధార | సాయంత్రం 4:15

నా పేరు చూసే నా ఉద్యోగం తెలుసుకోవచ్చు. ఒక పరిశోధన సంస్థలో అకౌంట్స్ చూసేవాణ్ణి. ఏ సంస్థో అడగొద్దు.

ముందు కొంచెం లెక్క. రాజ్యాంగంలో వ్యవసాయం రాష్ట్ర జాబితాలో ఉంది. 14వ అంశం చదివితే వ్యవసాయ విద్య, పరిశోధన, తెగుళ్ళ నివారణ, అన్నీ అందులోనే. అంటే కైలాసగిరి గారు చూసిన 10,466 కోట్లు కేంద్రం వాటా. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద అనకాపల్లి, చింతపల్లి లాంటి కేంద్రాలకి జీతాలు ప్రధానంగా రాష్ట్రం నుంచి రావాలి. సమన్వయ పథకాలకి 75 శాతం ఐసీఏఆర్ (కేంద్రం కింది భారత వ్యవసాయ పరిశోధన మండలి), 25 శాతం రాష్ట్రం. కృషి విజ్ఞాన కేంద్రాలకి మొత్తం ఐసీఏఆరే. చేతులు ఇన్ని ఉన్నాయి కాబట్టి ఒకరు ఆలస్యం చేస్తే రెండోవాళ్ళు కూడా ఆగుతారు.

అసలు రోగం మొత్తంలో లేదు, తేదీల్లో ఉంది. చెరుకు మనవైపు నాటేది జనవరి నుంచి మార్చి దాకా. కోతలు, గానుగలు కూడా అప్పుడే. అంటే పొలంలో కూలీలకి డబ్బు ఎక్కువ కావాల్సింది సరిగ్గా ఆర్థిక సంవత్సరం మూసే రోజుల్లో. అప్పుడు మేమేం చేస్తున్నాం? వినియోగ ధ్రువపత్రం (యూసీ) రాస్తున్నాం. పాత విడత ఖర్చయినట్టు యూసీ పంపితేగాని కొత్త విడత రాదు. వచ్చేసరికి ఫిబ్రవరి ఆఖరు. మార్చి 31లోగా ఖర్చు పెట్టకపోతే వెనక్కి పోతుంది. దాంతో ఏం కొంటారు? కూలి ఇవ్వాలంటే మస్టర్లు, సంతకాలు, ఆధార్లు. కంప్యూటర్ కొనాలంటే ఒక్క ఇన్‌వాయిస్ చాలు. అందుకే కొన్ని ల్యాబుల్లో ప్రింటర్లు నాలుగుంటాయి, కలుపు తీసేవాళ్ళు ఇద్దరే ఉంటారు. పంటకి ఏప్రిల్ ఒకటో తారీఖు తెలీదు, మాకు పంట క్యాలెండర్ తెలీదు.

నేను సంతకాలు పెట్టినవాణ్ణే, ఇందులో నా పాపం కూడా ఉంది.

సగం థీసిస్ | మద్దిలపాలెం | 4:48

అంకుల్, మీ పోస్టు చదివి నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

నేను పీహెచ్‌డీ స్కాలర్ని (ఎక్కడో చెప్పను, గైడ్ గారు ఇక్కడ ఉండొచ్చు). మూడు సీజన్ల ఆకు శాంపిళ్ళు మైనస్ ఇరవై ఫ్రీజర్లో పెట్టాను. ఒక మే నెల సోమవారం పొద్దున్న తలుపు తీస్తే కింద నీటి మడుగు. కంప్రెసర్ పోయింది. మెకానిక్ రాసిచ్చిన ఎస్టిమేట్ 18 వేలు. ప్రాజెక్టులో కొత్త పరికరం కొనడానికి పద్దు ఉంది కానీ పాతది బాగుచేయడానికి లేదు. మూడు కొటేషన్లు తెమ్మన్నారు. తెచ్చాను. ఫైలు తిరుగుతూనే ఉంది.

ఈలోగా మా రూమ్మేట్ వాళ్ళ మావయ్యకి ఫిషింగ్ హార్బర్లో పడవ ఉంది. ఆయన దగ్గర నుంచి థర్మాకోల్ డబ్బాలు, ఐసు తెచ్చుకున్నాం. ఆటోలో నా ఒళ్ళో డబ్బా, ఆటో అంతా కోనాం చేపల వాసన, డబ్బాలో రెండొందల చిన్న గొట్టాల్లో నా మూడేళ్ళు. పక్క డిపార్ట్‌మెంట్ ఫ్రీజర్లో మూలకి పెట్టనిచ్చారు. అప్పటికే సగానికి పైగా పాడయ్యాయి. పేరు మార్చుకోమంటారా, "సగం థీసిస్" ఊరికే పెట్టుకోలేదు.

నాలుగు నెలల తర్వాత ఫ్రీజర్ రిపేరు కాలేదు. కొత్త ఫ్రీజర్ వచ్చింది. లక్షల్లో!

మార్చి 31 | 4:55

చూశారా తల్లీ. "పరికరాలు" పద్దు.

కైలాసగిరి గాలి | 5:30

ఇది మా కంపెనీలో జరిగితే మేనేజర్ని పీకేస్తారు. అంటే ఇప్పుడు నా ప్రశ్న మారింది. డబ్బు తక్కువా, లేక ఉన్న డబ్బు జీతాలకే పోతోందా? జీతాలు, పెన్షన్లు తీసేస్తే పొలంలోకి దిగే రూపాయి ఎంత?

పాత ల్యాబు | సాయంత్రం 6:20

జీతాలు, పెన్షన్లదే పెద్ద వాటా, దాచేదేం లేదు. కానీ పరిశోధనలో జీతం అంటే ఖర్చు మాత్రమే కాదు నాయనా. మనిషి లేకపోతే పరిశోధన ఎక్కడిది? ఒక రకం కోసం పన్నెండేళ్ళు పడితే ఆ పన్నెండేళ్ళూ ఒకే కన్ను ఆ మొక్కని చూడాలి. బ్రీడర్ (కొత్త రకాలు తయారుచేసే శాస్త్రవేత్త) రిటైరై ఆ పోస్టు ఖాళీగా ఉంటే విత్తనాల డబ్బాలు అలమరలో ఉండిపోతాయి. డబ్బా మీద నెంబర్లు ఉంటాయి, వాటి కథ మనిషి తలలో ఉంటుంది. నేను వెళ్ళిపోయాక నా నోటు పుస్తకాలు ఎవరు తెరిచారో నాకు తెలీదు. ఈ మాట ఇక్కడ అనకూడదేమో, అనేశాను.

జీతం కాక మిగిలే ఆ కాస్త డబ్బుని బట్టే జీతం కూడా పనికొస్తుందా, దండగవుతుందా తేలేది. ఆ కాస్తే అందరికన్నా ముందు కోతకి గురవుతుంది.

ఇక డబ్బు తక్కువా అంటే, తక్కువే. 2023-24 ఆర్థిక సర్వేలో ఉంది, వ్యవసాయ పరిశోధన, విద్య మీద పెట్టిన రూపాయికి 13 రూపాయల 85 పైసలు తిరిగొస్తాయని. దేశం మొత్తం మీద 2022-23లో ఈ పనికి పెట్టింది 19.65 వేల కోట్లని కూడా అదే చెప్పింది. దాని పక్కన ఎరువుల సబ్సిడీ పెట్టి చూడు. 2025-26లో 1.67 లక్షల కోట్ల పైన. నువ్వు చెప్పిన 10,466 కోట్లకి పదహారు రెట్లు. సబ్సిడీ తప్పని నేను అనను, చోడవరం వారు నన్ను కొడతారు. కానీ తక్కువ యూరియాతో పండే రకం రావాలంటే ఆ డబ్బు వెళ్ళాల్సింది ఇటు.

చోడవరం చెరుకు | 6:41

కొట్టను గానీ, యూరియా బస్తా దొరక్క లైన్లో నిలబడ్డ రోజు ఈ మాట అనకండి మాస్టారూ.

మీ మీద గౌరవంతోనే ఇంకో మాట. 2024 ఆగస్టులో ప్రధాని ఒక్క రోజునే 109 కొత్త రకాలు విడుదల చేశారని టీవీలో చూశాను. సంతోషం. మా రైతు సేవా కేంద్రానికి వెళ్తే మాత్రం అవే పాత మూడు నాలుగు వరి విత్తనాలు. కొత్త రకం కావాలంటే "ఇంకా బ్రీడరు విత్తనమేనండి, వచ్చే ఏడు చూద్దాం" అంటారు. అంటే ఇంకా పెంచి పంచాల్సిన తొలి విత్తనమేనట. రకం పుట్టడానికి పన్నెండేళ్ళు, ఊళ్ళోకి నడిచి రావడానికి ఇంకో ఆరేళ్ళా? పైగా నేను చెరుకు వేసేది ఎవరికి? మనవైపు సహకార మిల్లులు ఒక్కొక్కటీ చల్లారిపోతుంటే, బెల్లం ధర చూసుకుని బతుకుతున్నాం. మంచి రకం ఇచ్చి మిల్లు మూస్తే రైతుకి ఒరిగేదేంటి?

పాత ల్యాబు | 6:50

దానికి నా దగ్గర జవాబు లేదు. స్టేషన్ దాటని రకాలు నేనూ రెండు చేశాను. విడుదలైన ఫోటో మాత్రం ఇంట్లో గోడ మీద ఉంది.

మన్యం కాఫీ | పాడేరు | రాత్రి 8:10

కొండ మీద మాట కూడా వినండి. 2025లో అరకు వైపు కాఫీ కాయతొలుచు పురుగు కనబడిందని విన్నారుగా. నల్లగా, నువ్వుగింజ కన్నా చిన్నది. కాయ మొనకి సూది మొనంత చిల్లు పెట్టి లోపల గింజలో కాపురం పెడుతుంది. సోకిన కాయలన్నీ కోసి నాశనం చేయాల్సి వచ్చింది. మా గిరిజన రైతుకి ఎకరం, రెండెకరాలు. మిరియం తీగ, సిల్వర్ ఓక్ నీడ, ఏడాదికి చేతిలో పడేది ఆ కాఫీ డబ్బే.

ఆ పురుగు మన దేశంలో మొదట దొరికింది 1990లో, నీలగిరుల్లో గూడలూరు దగ్గర. అప్పట్నుంచి కర్ణాటకలో దాని మీద పని చేస్తూనే ఉన్నారు. ట్రాపులు ఎలా కట్టాలి, నేలరాలిన కాయలు ఎందుకు ఏరాలి, పురుగుని చంపే బవేరియా శిలీంధ్రం ఎప్పుడు చల్లాలి, అన్నీ తెలుసుకుని పెట్టారు. పురుగు మా దగ్గరికి వచ్చిన రోజున పరిశోధన మొదలుపెట్టి ఉంటే మా తోటలు ఉండేవి కావు. 35 ఏళ్ళ కిందట వేరేచోట పెట్టిన డబ్బు ఇవాళ మాకు పనికొచ్చింది.

ఇంకో తమాషా. కాఫీ పరిశోధన డబ్బు వ్యవసాయ శాఖ నుంచి రాదు. కాఫీ బోర్డు వాణిజ్య శాఖ కింద. మా దగ్గర ఆర్.వి. నగర్లో కాఫీ పరిశోధన కేంద్రం వాళ్ళది. అదే చింతపల్లి వైపున్న వ్యవసాయ పరిశోధనా స్థానం రంగా యూనివర్సిటీది. రాజ్మాకి ఒకరు, కాఫీకి ఒకరు, రైతు మాత్రం ఒక్కడే!

భీమిలి హేచరీ | భీమునిపట్నం | 9:02

రొయ్య కూడా వ్యవసాయమే అని ఒప్పుకుంటారా? అయితే రెండు మాటలు.

ప్రైవేటు డబ్బుకి మా దగ్గర కొదవ లేదు. ఒడ్డు పొడుగునా రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలే. అయినా వెనామీ (మన చెరువుల్లో పెంచే విదేశీ రొయ్య జాతి) తల్లి రొయ్యలు ఇప్పటికీ ప్రధానంగా విదేశాల నుంచే రావాలి. విమానంలో వచ్చి, చెన్నైలో క్వారంటైన్ దాటి, అప్పుడు మా ట్యాంకుల్లోకి. 2009 నుంచి ఇదే కథ. ఎందుకంటే రొయ్యని తరతరాలుగా ఎంపిక చేసి పెంచే కార్యక్రమానికి పదేళ్ళు ఓపిక, పెట్టుబడి కావాలి. ఏ హేచరీ ఓనరూ పెట్టడు. నేనూ పెట్టను, నాకు వచ్చే పంటకి పిల్లలు కావాలి. ఇక్కడి తెల్ల రొయ్య మీద కేంద్రం 2022లో సుమారు 25 కోట్లతో జన్యు అభివృద్ధి కార్యక్రమం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ళ ముందు పెట్టి ఉంటే?

అలాగని ప్రభుత్వం ఏమీ చేయలేదనను. సముద్రంలో పంజరం కట్టి చేపలు పెంచడం దేశంలో మొదటిసారి చేసింది మన విశాఖలోనే, 2007లో, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) వాళ్ళు. పండుగప్ప వేశారు. బీచ్ రోడ్డు మీద వెళ్ళేవాళ్ళలో ఎంతమందికి తెలుసు?

అడ్మిన్ | 9:20

ఇక్కడ రాజకీయ పార్టీల మీద వచ్చిన మూడు పోస్టులు తీసేశాను. ఎవరి హయాంలో ఎంతిచ్చారన్నది వేరే దారం తెరిచి కొట్టుకోండి.

మార్చి 31 | 9:45

పోయే ముందు నా కోరిక ఒకటి రాస్తాను. మొత్తం పెంచమని నేను అడగను, అడిగినా పెంచరు. మూడు మార్పులు చాలు. పొలం ఖర్చుల విడత జూన్‌లోపు ఇవ్వండి. మిగిలింది మార్చితో చచ్చిపోకుండా వచ్చే ఏడాదికి తీసుకెళ్ళనివ్వండి. 25 వేల లోపు రిపేరుకి స్టేషన్ హెడ్ సంతకం చాలనండి. 18 వేలకి మూడేళ్ళు కరిగిపోయిన అమ్మాయి ఇక్కడే ఉంది.

1940లో వ్యవసాయ ఉత్పత్తుల సెస్సు చట్టం అని ఒకటి తెచ్చారు. ఎగుమతుల మీద చిన్న సెస్సు, అది నేరుగా ఐసీఏఆర్‌కి. ఇప్పుడది లేదు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో రోజూ సెస్సు కడుతున్నారు కదా, అందులో పిసరంత చెరుకు పరిశోధనకని విడిగా పెడితే అడిగే హక్కు రైతుకే ఉంటుంది. ఎవరూ వినరనుకోండి.

చోడవరం చెరుకు | 9:58

సెస్సు కట్టేది మేమే, ఆ డబ్బు ఎక్కడికి పోతుందో ఒక్కరూ చెప్పరు. మీరు చెప్పిన పద్ధతైతే నేను సంతకం పెడతాను.

కైలాసగిరి గాలి | 10:25

పొద్దున్న ఖాతాల్లో వేసేయమన్నవాణ్ణి, ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. జీతాల వాటా మీద నా అనుమానం మాత్రం అలాగే ఉంది, ఖాళీ పోస్టులు ఎన్నో కనుక్కోడానికి సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు రాస్తున్నా. అంకుల్ (మార్చి 31 గారు), ఏం అడగాలో కాస్త దిద్ది పెడతారా?

ఇంకోటి, నాన్నగారు కౌలు మానిపించి మళ్ళీ చెరుకు వేద్దామంటున్నారు. పక్కూరాయన తోటలో ముచ్చెలు చవగ్గా ఇస్తానన్నాడట.

మార్చి 31 | 10:31

పంపు బాబూ. "మంజూరైన పోస్టులు, భర్తీ అయినవి, నెలవారీ నిధుల విడుదల తేదీలు." తేదీలు అడగడం మర్చిపోకు, మొత్తాలు అందరూ ఇస్తారు.

పాత ల్యాబు | 10:40

చవగ్గా వచ్చే ముచ్చెలంటే నాకు భయం. కొనేముందు తోటలో అక్కడక్కడా పది గడలు చీల్చి చూడండి. గుర్తుందిగా, అడ్డంగా తెల్ల మచ్చలు, కల్లు వాసన.

చోడవరం చెరుకు | 10:44

మంగళవారం నేను మాడుగుల వైపే వస్తున్నాను బాబూ. ఆ పక్కూరాయనకి ఇప్పుడే డబ్బులివ్వకండి. కత్తి నేను తెస్తాను.